స్లర్రీ పంపు ఇంపెల్లర్ పోయింది: అరిగిందా, తుప్పు తిందా?

గ్రీజుచేతులు: స్లర్రీ పంపులో నీళ్లని తోసే చక్రం, అదే ఇంపెల్లర్, 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలుది, ఐదు నెలలకే రేకులా అయిపోయింది. తోడేది ఇసుక కలిసిన ఉప్పు నీళ్లు. మేం అరిగిందంటున్నాం, ఇన్‌స్పెక్షన్ వాళ్లు తుప్పంటున్నారు. మీరేమంటారు?

పాతపంపు: అరుగుదలే. 316కి తుప్పేంటి బాబూ, ఇరవై ఏళ్లుగా చూస్తున్నా. ఇసుకకి మెత్తటి లోహం పెడితే అంతే. 27 శాతం క్రోమియం ఉన్న వైట్ ఐరన్, అదే గట్టి పోత ఇనుము, వెయ్యి.

పొరపిచ్చి: అన్నా, 316ని కాపాడేది పైనున్న క్రోమియం ఆక్సైడ్ పొర, అది మహా అయితే రెండు మూడు నానోమీటర్లు. ఇసుక రేణువు గీకిన చోట పొర లేచిపోద్ది, కింద లోహం కరుగుద్ది, మిల్లీసెకన్లలో మళ్లీ పొర కడుతుంది, అది కట్టడానికీ లోహమే ఖర్చు, ఈలోపు ఇంకో రేణువు. దీన్నే ట్రైబోకరోజన్ అంటారు. ఏఎస్‌టీఎం జీ119 అనే పరీక్షా ప్రమాణం ప్రకారం కాథోడిక్ ప్రొటెక్షన్ ఇచ్చి, అంటే లోహానికి కరెంటు పెట్టి, తుప్పు ఆపేసి ఉత్త అరుగుదల కొలుస్తారు, రాపిడి లేకుండా ఉత్త తుప్పు కొలుస్తారు. ఆ రెండూ కూడినా చాలాసార్లు మొత్తం నష్టానికి సరిపోదు. మిగిలింది ఒకదాన్నొకటి ఎగదోసుకున్నది.

పాతపంపు: ఎర్రగా ఉందా? మెరుస్తోందా?

గ్రీజుచేతులు: మెరుస్తోంది సార్.

పాతపంపు: అయిపోయింది. తుప్పైతే మెరవదు.

పొరపిచ్చి: కరిగింది కరిగినట్టు నీళ్లలో కొట్టుకుపోతుంటే ఎరుపెక్కడ నిలుస్తుందన్నా!

నట్టుబోల్టు: ఫొటో పెట్టండ్రా బాబూ ముందు

పాతపంపు: మీలాంటి సారే ఒకాయన తుప్పు తుప్పు అని నాచేత డూప్లెక్స్ అనే తుప్పు తట్టుకునే స్టీలు వేయించాడు. ఇసుక దాన్నీ తినేసింది. సంతకం నాది, మెమో నాకు. ల్యాబ్‌లో కూర్చుని ఎన్నైనా చెప్తారు.

పొరపిచ్చి: నేనూ ల్యాబ్‌లో పుట్టలేదు. యాసిడ్ నీళ్లకి "గట్టిదనం చాలు" అని మీలాంటి పెద్దాయనే వైట్ ఐరన్ పెట్టించాడు. అందులో గట్టిదనమిచ్చే రేణువులు, అవే కార్బైడ్లు, వాటి చుట్టూ ఉన్న లోహం కరిగి కార్బైడ్లే ఊడి రాలాయి. తిట్లు నాకు.

గ్రీజుచేతులు: గొడవొద్దు, అసలు సంగతి చెప్తా. ఫారంలో ఒక్క టిక్కే పెట్టాలి. తుప్పంటే నీళ్లు చూసుకోలేదని మా మీదకొస్తుంది, అరుగుదలంటే ఆ లోహం ఎంచిన ప్రాజెక్ట్స్ వాళ్ల మీదకెళ్తుంది.

పాతపంపు: ముందే చెప్పొచ్చుగా! అరుగుదల టిక్కు పెట్టెయ్.

పొరపిచ్చి: పెట్టకు. ఆ టిక్కు చూసి రేపు గట్టిదొకటి కొని తగిలిస్తారు, మళ్లీ ఇదే కథ. ఇంతకీ నీళ్ల పీహెచ్ ఎంత?

గ్రీజుచేతులు: అదే... కొలవలేదు.