"ఇప్పుడు ఎక్కడ ఉండుడు?" – నువ్వు అనలేక, మీరు అనలేక

పోయిన నవంబర్‌ సంగతి ఇది, గ్రూపులో అడుగుదామనుకుంటూ ఇన్నాళ్లూ వాయిదా వేశాను. నేను నల్లగొండలో ఒక బ్యాంకులో పనిచేస్తాను. నవంబర్ అంటే పెన్షన్ పెద్దలంతా లైఫ్ సర్టిఫికెట్ కోసం వచ్చే నెల, మేం షట్టర్ లేపకముందే మెట్ల మీద కూర్చుని ఉంటారు. అట్లా ఒకాయన నా కౌంటర్ ముందుకొచ్చి, ప్లాస్టిక్ కవర్లోంచి కాగితాలు తీస్తూ "సార్, మీరు జర చూడండి, వేలిముద్ర పడ్తలేదంటున్నరు" అన్నారు. తలెత్తితే మా లెక్కల సారు. ఎనిమిది నుంచి పది దాకా మూడేళ్లు నన్ను "అరేయ్ వెనక బెంచీ" అనడమే తప్ప పేరు పెట్టి పిలవని మనిషి, నన్ను సార్ అన్నాడు, పైగా మీరు అన్నాడు. (అన్నాడు అని రాసి అన్నారు అని దిద్దబోయి మళ్లీ వదిలేశాను, ఎందుకో కింద తేలుతుంది.) కుర్చీలో ఉండబుద్ధి కాక లేచి నిలబడ్డాను. లైన్లో ఉన్నవాళ్లు నేను చాయ్‌కి పోతున్నాననుకుని లొల్లి పెట్టారు, అది వేరే కథ.

"సార్, నేను మీ స్టూడెంట్‌ని" అని ఊరు, బ్యాచ్ చెప్తే గుర్తుపట్టారు. అసలు తిప్పలు గుర్తుపట్టాకే మొదలైంది. మెడలో ఐడీ కార్డు వేసుకుని అద్దం అవతల కూర్చున్నవాణ్ణి నువ్వు అనడానికి ఆయనకు నోరు రాలేదు, అరేయ్ అన్నవాణ్ణి మీరు అనడానికి మనసు రాలేదు. కాసేపు కవరు మడిచి, విప్పి, మళ్లీ మడిచి, చివరికి అడిగారు: "మరి ఇప్పుడు ఎక్కడ ఉండుడు?"

తర్వాత "ఈడికి వచ్చి ఎన్నేండ్లాయె?" "ఊరికి పోవుడు ఉంటదా?" "పిల్లల సదువులు ఏడ?" పది నిమిషాలు మాట్లాడారు, ఒక్క వాక్యంలో నువ్వు లేదు, మీరు లేదు. నేనూ తక్కువేం కాదు, "ఆరోగ్యం ఎట్లుంది సార్" అని ఆరోగ్యాన్నే కర్తను చేసి గట్టెక్కాను. మాటల మధ్య ఆయన బొటనవేలు పట్టుకుని మిషన్ మీద నొక్కుతున్నాను, అది ఎర్ర లైటు చూపిస్తోంది, తుడిచి మళ్లీ నొక్కుతున్నాను. అదే వేలు, చూపుడు వేలితో కలిసి నా చెవి మెలిపెట్టిన వేలు. నాలుగోసారికి పడింది.

ఇంతకీ నా గోల ఈ "ఉండుడు" గురించి. తినుడు, పోవుడు, ఉరుకుడు మన దిక్కు రోజూ అనే మాటలే, పుస్తకాల్లో తినడం, వెళ్లడం, పరుగెత్తడం అయ్యాయి. తెలుగు క్రియతో చిక్కేమిటంటే దాని తోకలోనే మనిషి కూర్చుని ఉంటాడు. ఉన్నవా అంటే నువ్వు, ఉన్నరా అంటే మీరు, సర్వనామం తీసేసినా తోక పట్టిస్తుంది. క్రియను పేరుగా మార్చేస్తే తోక తెగిపోతుంది, "ఉండుడు"లో ఎవరు ఉండుడో చెప్పనక్కర్లేదు. మా సారు వ్యాకరణం ఆలోచించి అనలేదు, ఇరుకున పడ్డప్పుడు భాష దానంతట అదే ఈ సందు చూపించింది. మీ దగ్గర ఇలాంటి సందులు ఏమున్నాయి? సినిమా హాల్లో, పెళ్లి బంతిలో, వైన్స్ ముందు (ఉంటాయి, నాకు తెలుసు) సార్లు ఎదురుపడ్డప్పుడు ఏం మాట వచ్చిందో రాయండి.

గుంటూరు సభ్యుడు: మేము "ఎక్కడ ఉంటున్నట్టు? ఏం చేస్తున్నట్టు?" అంటాం. తోక ఇక్కడా లేదు. కానీ ఒక సందేహం, పాత ప్రశ్నపత్రాల్లో "ఈ క్రింది వానికి జవాబులు వ్రాయుడు" అని ఉండేది కదా, ఆ ఉడు ఈ ఉడు ఒకటేనా?

వనపర్తి, తెలుగు పండితుడిగా రిటైరయ్యాను: ఒకటి కాదండీ. ప్రశ్నపత్రంలోది విధి, అంటే ఆజ్ఞ. వ్రాయుము ఒక్కడికి, వ్రాయుడు చాలామందికి. ఇప్పటి "రాయండి" అన్నమాట. తెలంగాణలో "రాసుడు" అంటే రాయడం అనే పని. రూపం కలిసింది, అంతే. మా బళ్లో ఒక పిలగాడు "వ్యాసము వ్రాయుడు" అనే ప్రశ్నను "వ్యాసం రాసుడు" అని చదువుకుని, వ్యాసం రాయడం ఎంత కష్టమో ఒక పేజీ రాశాడు. బాగా రాశాడు, మార్కులు వేశాను.

కల్వకుర్తి, టీచర్: ఇటువైపు నుంచి కూడా వినండి. అచ్చంపేట బస్సులో కండక్టర్ నా స్టూడెంట్. ఇదివరకు నా టికెట్ డబ్బులు తనే వేసుకునేవాడు, వద్దంటే వినేవాడు కాదు, వాడుంటే ఆ బస్సు ఎక్కడమే మానేశాను. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు ఫ్రీ అయ్యాక ఆ బాధ పోయింది, ఇంకోటి వచ్చింది. జీరో టికెట్‌కు ఆధార్ చూడాలి. అందరినీ "అమ్మా ఆధార్, అమ్మా ఆధార్" అనుకుంటూ వచ్చి నా సీటు దగ్గర ఆగి, కిటికీలోంచి బయటికి చూస్తూ "ఆధార్ చూపించుడు ఉంటది టీచర్" అన్నాడు. మీ పోస్టు చదివాకే వెలిగింది, నేను చూపించాలి అనకుండా రూల్‌నే మాట్లాడించాడు. నేను కూడా "ఉంటది మరి" అని చూపించాను.

హైదరాబాద్ సభ్యుడు: ఎవరూ ఏమనుకోవద్దు, మీ దిక్కు అసలు సమస్య మీరు అనే అలవాటు లేకపోవడం. సారొచ్చిండు, మేడమొచ్చింది, ఇదేం మర్యాద? పోతన చూడండి, "చదివించిరి నను గురువులు" అన్నాడు. ప్రహ్లాదుడు కూడా గురువుకు బహువచనమే వాడాడు.

పోస్టు రాసిన నేనే: అన్నా, అక్కడ గురువులు ఇద్దరు, చండుడు, అమర్కుడు. ఇద్దరుంటే చదివించిరి అనక చదివించెను అంటారా? అదే పోతన గజేంద్రుడి చేత ఏమనిపించాడో కూడా చూడు, "నీవే తప్ప నితఃపరం బెరుఁగ", "రావే యీశ్వర". దేవుణ్ణి నువ్వు అన్నాడు, రావే అన్నాడు. మర్యాద అంతా "ఈశ్వర" అన్న పిలుపులో ఉంది.

మా నాయనమ్మ వ్యాకరణం కూడా ఇదే. దేవరకొండ దిక్కు మా ఊరి అంగట్లో గోనెసంచి పరిచి బెండకాయలు, పచ్చిమిర్చి అమ్మేది, నేను తూకం రాళ్లు అందించేవాణ్ణి. ఒకరోజు ఇదే లెక్కల సారు, లుంగీ మీద, చేతిలో వైరుబుట్ట. బడి బయట సారుకు కాళ్లు కనబడటం అదే మొదటిసారి, నేను మిర్చి కుప్ప వెనక తల దాచుకున్నా. నాయనమ్మ ఊరుకుంటదా, "దా సారూ. మా పోరడు మంచిగ సదువుతుండా? సదవకుంటే నాలుగు పీకు, నువ్వేం ఫికరు చెయ్యకు సారూ" అంది. సారు బేరం ఆడలేదు, ఒక్క బెండకాయ తుంచి చూడలేదు, ముదురుతో సహా ఆమె ఎంత పోస్తే అంత బుట్టలో పోయించుకుని వెళ్లిపోయారు. పొద్దుగూకినాక నేను ఏడుపు మొహంతో "సారును నువ్వు అంటరానే? మీరు అనాలె" అంటే, "నువ్వంటే తిట్టిన్నారా? సారూ అన్నగదా" అంది. ఆమెకు ఉండుడు, పోవుడు చాటున దాక్కోవలసిన అవసరం ఎన్నడూ రాలేదు. సదువుకున్న మాకే వచ్చింది.

హైదరాబాద్ సభ్యుడు: ఇద్దరు గురువుల సంగతి మర్చిపోయాను. ఒప్పుకుంటున్నా. మేడమొచ్చింది మాత్రం నాకు ఇంకా చెవికి ఎక్కడం లేదు.

కల్వకుర్తి, టీచర్: బస్సొచ్చింది, వానొచ్చింది, నేనొచ్చిన. నాకేం బాధ లేదండీ.

నారాయణపేట సభ్యుడు: మీ సారు పది నిమిషాలే. మా సైన్స్ సారు బిడ్డనే నేను చేసుకున్నా, పదకొండేండ్లయింది. పండుగకు పోతే ఆయన గడప దగ్గర నిలబడి "ఎప్పుడు బయలుదేరుడు అయింది? తినుడు అయిందా?" అని గోడకేసి అడుగుతడు. మామా అని పిలువుమని మా ఇంటామె పెండ్లయిన కాడ్నుంచి పోరు పెడ్తది. నేను "అయింది సార్" అనే అంటా.