ప్రైవేట్ కీ గెస్ చేయడం అసాధ్యమా, కాదా?

గోదారోడు: మా టెలిగ్రామ్ గ్రూపులో ఒకాయన, ప్రైవేట్ కీలు (వాలెట్‌లో డబ్బు తీయడానికి కావాల్సిన రహస్య నంబర్లు) వరసగా ట్రై చేస్తూ పోతే ఎప్పటికైనా బిట్‌కాయిన్లున్న వాలెట్ తగుల్తుందని ఏదో సాఫ్ట్‌వేర్ అమ్ముతున్నాడు, కుర్రాళ్లు అప్పు చేసి మరీ కొంటున్నారు. అసలు ఛాన్స్ ఉందా?

నైట్‌షిఫ్ట్_శీను: లేదండి, ఒక్క రూపాయి కూడా కట్టనివ్వొద్దు. 2015లో ఎవరో కావాలనే చిన్న చిన్న కీలు పెట్టి వాటిలో బిట్‌కాయిన్లు వేసి, దమ్ముంటే తీసుకోండి అని వదిలారు. 66 బిట్ల కీ (అంటే 0, 1లు 66 వరసగా ఉండే నంబర్) దొరికేసరికి 2024 సెప్టెంబర్ వచ్చింది, అదీ బోలెడన్ని జీపీయూలు (గ్రాఫిక్స్ చిప్‌లు) పెట్టి వెతికితే. ఒక్కో బిట్ పెరిగితే పని డబుల్. అసలు కీ 256 బిట్లు!

వైజాగ్_వాసు: ఒకే వాలెట్ కోసం కాదు కదా బ్రో, కోట్ల వాలెట్లున్నాయి, ఏదో ఒకటి తగిలినా చాలుగా

నైట్‌షిఫ్ట్_శీను: ఆ లెక్కా చూద్దాం. పాత రకం అడ్రస్ (డబ్బు పంపడానికి ఇచ్చే వాలెట్ నంబర్, కీ నుంచే తయారవుతుంది) 160 బిట్లు, దానికి సరిపోయే కీ ఏది తగిలినా చాలు. 6 కోట్ల పైచిలుకు అడ్రసుల్లో డబ్బుందనుకున్నా తగ్గేది 26 బిట్లే, ఇంకా 134 మిగుల్తాయి.

మీనాక్షి_కోడ్: శీనుగారూ లెక్క కరెక్టే కానీ "అసాధ్యం" అని చెప్పి వదిలేయకండి, జనం నష్టపోయేది అక్కడే. 2023లో లిబ్‌బిట్‌కాయిన్ అనే వాలెట్ తయారుచేసే టూల్ సంగతి చూడండి, సీడ్ (కీలన్నీ పుట్టే మూల నంబర్) 256 బిట్లని చూపించేది, లోపల మాత్రం టైమ్‌ని బట్టి 32 బిట్ల నంబర్ ఒకటి తీసుకుని దాన్నుంచే మొత్తం తయారు చేసేది. అంటే సుమారు 429 కోట్ల సీడ్‌లు, అంతే, గేమింగ్ పీసీ ఒకటుంటే కొన్ని రోజుల్లో అన్నీ చూసేయొచ్చు. దొంగలు అదే చేశారు. 2022లో వింటర్‌మ్యూట్ అనే క్రిప్టో ట్రేడింగ్ కంపెనీ దగ్గర సుమారు 16 కోట్ల డాలర్లు పోయిందీ ఇలాంటి 32 బిట్ల లోపం వల్లే అని చూసినవాళ్లు తేల్చారు.

నైట్‌షిఫ్ట్_శీను: అది కీ గెస్ చేయడం కాదండి, కీ తయారీలో తప్పు.

మీనాక్షి_కోడ్: పోగొట్టుకున్నవాడికి ఆ తేడా ఎందుకండీ? ఇష్టమైన పాట లైనో, పిల్లల పేరు పుట్టినరోజు కలిపో కీ చేసుకున్నవాళ్లవి కూడా ఇలాగే ఖాళీ అయ్యాయి. కీ ఎంత పొడవని కాదు, దాన్ని ఎవరి ఊహకీ అందకుండా ఎంచారా లేదా అన్నది అడగాలి.

నైట్‌షిఫ్ట్_శీను: ఆ మాటకి ఒప్పుకుంటా. కానీ గోదారోడుగారి కుర్రాళ్లకి మాత్రం నా జవాబు అదే. అలాంటి బలహీనమైన కీల్లో పైసా పడితే దొంగల బాట్లు (వాటంతటవే పనిచేసే ప్రోగ్రాములు) సెకన్లలో ఊడ్చేస్తాయి, ఈ సాఫ్ట్‌వేర్ కొన్నవాడికి మిగిలేదేం లేదు. పైగా అది వాళ్ల సొంత వాలెట్ సీడే కాజేస్తుందేమో, ఇన్‌స్టాల్ చేసినవాళ్లుంటే వేరే ఫోన్లో కొత్త వాలెట్ చేసుకుని డబ్బు ఈ రాత్రికే మార్చేయమనండి.