‘ఆరని యలుక’: పోతన కంసుడిది కోపమా, భయమా, జబ్బా?

నిన్న ఒక మిత్రుడు అడిగిన ప్రశ్నతో మొదలుపెడతాను. “పోతన కంసుడి గురించి ‘ఆరని యలుకన్’ అన్నాడు. అలుక అంటే మూతి ముడుచుకుని కూర్చోవడం కదండీ, పసిపిల్లల్ని చంపించినవాడికి ఆ మాటేమిటి? అసలు ఈ కంసుడికి ఉన్నది ఇప్పుడు పారనోయా (లేనిపోని శత్రుభయాల జబ్బు) అంటున్నామే, అది కాదూ?”

ముందు పద్యం చూద్దాం. భాగవతం దశమస్కంధం, కందం.

తిరుగుచుఁ గుడుచుచుఁ ద్రావుచు
నరుగుచుఁ గూర్చుండి లేచు చనవరతంబున్
హరిఁదలఁచి తలఁచి జగ మా
హరిమయ మని చూచెఁ గంసుఁ డారని యలుకన్.

సందర్భం అందరికీ తెలిసిందే. కంసుణ్ణి చంపుతాడని ఆకాశవాణి చెప్పిన ఎనిమిదో బిడ్డ దేవకి కడుపులో ఉన్నాడు. ఆమె ముఖంలో వెలుగు చూసి కంసుడికి సంగతి అర్థమైపోయింది. చంపేద్దామా అని ఆలోచించి, ఆడది, చెల్లెలు, పైగా గర్భవతి, చంపితే కీర్తీ సిరీ ఆయుష్షూ అన్నీ పోతాయని లెక్క వేసుకుని ఆగాడు. అలా ఆగి, బిడ్డ పుట్టేదాకా ఎదురుచూస్తూ ఉన్న రోజులవి. ఆ ఎదురుచూపే ఈ పద్యం.

అలుక సంగతి తేలికగానే తేలుతుంది. అలుగుట అంటే కోపించడం, అంతే. ఎంత కోపం అన్నది ఆ మాటలో లేదు, అలిగినవాడిని బట్టి ఉంటుంది. తిరుపతి వేంకట కవుల పద్యం మనందరికీ నోటికి వచ్చు: “అలుగుటయే యెరుంగని మహామహితాత్ముఁ డజాతశత్రుఁడే యలిగిననాఁడు సాగరము లన్నియు నేకము కాకపోవు”. అక్కడ ధర్మరాజు మూతి ముడుచుకుంటే సముద్రాలు కలవవు కదా! అదే మాటను నంది తిమ్మన కృష్ణుడి నోట సత్యభామకు వాడాడు, “అల్క మానవు గదా యిఁక నైన నరాళకుంతలా” అని. కాలం గడిచేకొద్దీ మనం సత్యభామ అలుకనే ఉంచుకున్నాం. అలకపాన్పు ఎక్కే కొత్తల్లుడితో ఆ మాట ఇంకాస్త మెత్తబడింది. పోతన నాటికి అందులో ఇంకా నిప్పు ఉంది. అందుకే దానికి ‘ఆరని’ అన్న విశేషణం అతికింది. ఆరేది దీపం, మంట. పుండు కూడా ఆరుతుంది అంటాం. ఈ పద్యంలో నాకు రెండర్థాలూ వినిపిస్తాయి.

కానీ నన్ను ఈ పద్యం దగ్గర ఇన్నేళ్లుగా ఆపేసింది అలుక కాదు, క్రియలు.

తిరుగుచు, కుడుచుచు (తింటూ), త్రావుచు, అరుగుచు, లేచుచు. అన్నీ శత్రర్థకాలు, జరుగుతూ ఉన్న పనులు. మధ్యలో ఒక్కటి మాత్రం వేరు: ‘కూర్చుండి’. అది క్త్వార్థకం, ఒక పని ముగించి ఇంకోటి చేయడాన్ని చెప్పే రూపం. అంటే ‘కూర్చుంటూ, లేస్తూ’ కాదు, ‘కూర్చుని లేస్తూ’. కూర్చోవడం అనే పని అక్కడ నిలవనే లేదు, లేవడానికి ముందు మెట్టుగా మాత్రమే ఉంది. మా పెదనాన్నగారిని నేను అలా చూశాను. ఉద్యోగంలో ఆయన మీద ఒక తప్పుడు ఫిర్యాదు వచ్చింది. అది తేలేదాకా రెండేళ్లు ఆయన అన్నం ముందు కూర్చునేవారు, రెండు ముద్దలు తిని లేచేవారు, తలుపు గడియ చూసి వచ్చేవారు, మళ్లీ కూర్చునేవారు. గడియ వేసే ఉండేది. ఆయనకూ తెలుసు. అయినా లేచేవారు. తరవాతెప్పుడో ఈ కందం చదువుతుంటే ‘కూర్చుండి లేచుచు’ దగ్గర నా గొంతు పట్టేసింది.

ఇప్పుడు సంస్కృత మూలం పక్కన పెట్టుకుని చూడండి.

ఆసీనః సంవిశంస్తిష్ఠన్ భుంజానః పర్యటన్ మహీమ్
చింతయానో హృషీకేశమపశ్యత్ తన్మయం జగత్

కూర్చుంటూ, పడుకుంటూ, నిలబడుతూ, తింటూ, తిరుగుతూ. వ్యాసుడి కంసుడు ‘సంవిశన్’, పడక మీదికి చేరుతున్నాడు. పోతన కంసుడు పడుకోడు! తిరగడం ఉంది, మళ్లీ అరగడం ఉంది (ఇక్కడ అరుగుట అంటే వెళ్లడం, జీర్ణం కాదు), నడకే రెండుసార్లు వచ్చింది, పడక మాత్రం లేదు. కందంలో చోటు చాలక వదిలేశాడని ఎవరైనా అనవచ్చు. నాకు అలా అనిపించదు. చోటు చాలనివాడు ఒకే నడకను రెండు మాటల్లో చెప్పడు.

‘తలఁచి తలఁచి’ కూడా అంతే. మూలంలో ‘చింతయానః’ అని ఒక్క మాటే. తెలుగులో మాటను రెండుసార్లు అంటే వచ్చే బరువు తెలుగు చెవికే తెలుస్తుంది. ఏడ్చి ఏడ్చి, చూసి చూసి, తలచి తలచి. పని ఆగలేదనీ, మనిషి అలిసిపోయాడనీ రెండూ అందులోనే ఉన్నాయి. ఒకే ఆలోచన బుర్రలో గానుగెద్దులా తిరగడం అంటే ఇదే.

ఇక ‘తన్మయం’. ఈ మాట దగ్గర ఆగకుండా వెళ్లలేను. పాట వింటూ తన్మయత్వంలో మునిగిపోయాం అంటాం. మన తెలుగులో అది పూర్తిగా ఆనందానికి సంబంధించిన మాట. కానీ భాగవతంలో ఈ శ్లోకం దగ్గర తన్మయమైన జగత్తును చూస్తున్నవాడు భయంతో చస్తున్నాడు. తత్ అంటే ‘అది’. దానితోనే నిండిపోవడం తన్మయం. అది ఏది అన్నదాన్ని బట్టి ఆనందమో నరకమో. పోతన దీన్ని ఎంత జాగ్రత్తగా తెచ్చాడో చూడండి: ‘జగము ఆ హరిమయము’. ఆ ‘ఆ’ పాదం నింపడానికి వేసింది కాదు. ‘తత్’ అక్కడ ‘ఆ’గా దిగింది. పేరు తలవడానికి కూడా ఇష్టం లేనివాణ్ణి మనం ‘ఆ మనిషి’ అన్నట్టు, ఆ హరి. పైగా మూలంలో ‘అపశ్యత్’, చూశాడు. పోతన ‘అని చూచె’ అన్నాడు. ముందు అనుకున్నాడు, ఆ అనుకున్నదే కంటికి కనబడింది.

ఇక్కడిదాకా రాసి పెట్టాక ఒక సోదరి ఇలా రాశారు: “అన్నయ్యగారూ, మీరు చెప్పిందంతా వింటే ఇది కోపం కాదు, పచ్చి భయం. నిద్ర లేదు, కుదురు లేదు, ఎక్కడ చూసినా శత్రువే. మరి పోతన కోపం అని ఎందుకన్నాడు?”

అమ్మా, ఇదే అసలు ప్రశ్న. పోతనకు అది భయమని తెలియక కాదు. సప్తమస్కంధంలో నారదుడు ధర్మరాజుకు చెప్పిన పద్యం ఉంది కదా, “కామోత్కంఠత గోపికల్, భయమునం గంసుండు, వైరక్రియాసామగ్రిన్ శిశుపాల ముఖ్యనృపతుల్” అని. అక్కడ లెక్క తేటగా ఉంది. శిశుపాలుడిది పగ, కంసుడిది భయం. అదే కవి దశమానికి వచ్చేసరికి కంసుడికి అలుక ఇచ్చాడు. నా ఉద్దేశం ఏమిటంటే, సప్తమంలో మాట్లాడుతున్నది నారదుడు, లోపల ఏముందో చూడగలిగినవాడు. దశమంలో మనం చూస్తున్నది ఆ గదిలో తిరుగుతున్న మనిషిని. భయం బయటికి భయంలా రాదు, ముఖ్యంగా ఒక రాజు ముఖం మీద. అది అలుకగా వస్తుంది. టెన్షన్‌లో ఉన్న మనిషి ఇంట్లోవాళ్ల మీద కసురుకుంటాడు చూడండి, అది ఎంతమంది ఇళ్లలో జరిగే సంగతో!

“మరి పారనోయా అనవచ్చా?” అని మళ్లీ మొదటి మిత్రుడే అడిగారు.

నేను అనను. లక్షణాలు సరిపోవని కాదు, చాలావరకు సరిపోతాయి. కానీ లేని శత్రువును ఉన్నాడని గట్టిగా నమ్మితే దాన్ని భ్రమ అంటాం. కంసుడి శత్రువు నిజంగానే వస్తున్నాడు. పెళ్లయిన చెల్లెలి రథానికి తానే పగ్గాలు పట్టిన అన్న, ఆకాశవాణి విని, అదే చేత్తో ఆమె జుట్టు పట్టుకున్నాడు. అప్పుడు వసుదేవుడు “మిన్నుల మ్రోతలే నిజము, మేలని చంపకు మన్న” అని బతిమాలతాడు. ‘మిన్నుల మ్రోత’ ఎంత మంచి మాటో గమనించండి. వాణి అనలేదు, మోత అన్నాడు. ఆకాశంలో ఏదో చప్పుడైతే దాన్ని నిజమనుకుంటావా అని. ఒక్క క్షణం ఆ గొంతు మీద మనకే అనుమానం కలిగిస్తాడు. కానీ కథలో అది నిజమే అయింది. నిజమైన ముప్పు ముందు నిద్రపోలేకపోవడం ఒక్కటే జబ్బు కాదు.

ఇంకో కారణం కూడా ఉంది, ఇది నాకు చాలా ముఖ్యం. యోగమాయ చేయి జారి ఆకాశానికి ఎగిరి, నిన్ను చంపేవాడు వేరేచోట పుట్టాడు అని చెప్పాక, కంసుడు దేవకీవసుదేవుల సంకెళ్లు విప్పించి, కన్నీళ్లతో వాళ్ల కాళ్లు పట్టుకున్నాడు. ఆ పశ్చాత్తాపం బూటకం అనిపించదు నాకు. కానీ తెల్లవారి మంత్రులను పిలిచి, వాళ్లు చెప్పిన సలహా విని, పసిపిల్లల మీదికి మనుషులను పంపాడు. అది కొలువులో కూర్చుని తీసుకున్న నిర్ణయం. దాన్ని మనోవ్యాధి ఖాతాలో రాస్తే, ఆందోళనతో, నిద్రలేమితో బాధపడుతూ ఎవరికీ ఏ హానీ చేయకుండా బతికేస్తున్న లక్షలమందిని కంసుడి పక్కన నిలబెట్టినట్టవుతుంది. మా పెదనాన్నగారు ఒక చీమను కూడా నలపలేదు.

అయితే ఆ మనసు ఎలా చెదిరిందో కవులు చూడలేదా అంటే, ఎంత దగ్గరగా చూశారో! మథురలో కృష్ణుడు ధనుస్సు విరిచిన రాత్రి కంసుడి గురించి సంస్కృత మూలంలో ఉన్న వర్ణన చదవండి. నీటిలోనో అద్దంలోనో చూసుకుంటే తల కనబడదు. ఒక్క దీపం రెండుగా కనిపిస్తుంది. తన నీడలో చిల్లులు. చెట్లు బంగారు రంగులో. నడిచిన చోట తన అడుగుల జాడ తనకే కనబడదు. కళ్లు మూస్తే ప్రేతాలు కౌగిలించుకుంటాయి, గాడిద మీద ఊరేగుతాడు, విషం తింటాడు. “నిద్రాం లేభే న చింతయా”, చింత వల్ల నిద్ర దొరకలేదు. ‘లేభే’ అంటే పొందడం. అస్తి, ప్రాప్తి అని ఇద్దరు భార్యలున్న రాజు అతను. పేర్లకు అర్థం ‘ఉంది’, ‘దొరికింది’ అని. అతనికి ఆ రాత్రి దొరకనిది నిద్ర ఒక్కటే.

కంసుడు చనిపోయాక, భాగవత కథ చెబుతున్న శుకుడు అన్న మాట కూడా ఇక్కడ కలుపుకోవాలి. “పిబన్నదన్ వా విచరన్ స్వపన్ శ్వసన్”. తాగుతూ, తింటూ, తిరుగుతూ, నిద్రపోతూ, ఊపిరి తీస్తూ చక్రాయుధుణ్ణే ఎదురుగా చూశాడట. ముందు శ్లోకంలో లేని ‘శ్వసన్’ ఇక్కడ చేరింది. పన్నెండేళ్లలోపే ఆ భయం ఊపిరిదాకా వచ్చేసింది. ఆ శ్లోకంలోనే ‘ఉద్విగ్నధియా’ అని ఉంది, కలత చెందిన బుద్ధితో అని. ఈ మనిషికి పేరు పెట్టాలంటే నాకు ఆ ఒక్క మాట చాలు.

మిగతా కథల్లో కంసుడు ఇలాగే ఉంటాడా అని ఇంకొకరు అడిగారు. ఉండడు. భాగవతంలో నారదుడు వచ్చి, నువ్వు పూర్వజన్మలో విష్ణువు చేతిలో చచ్చిన కాలనేమివి అని చెబుతాడు. అంటే ఒకసారి పడిన దెబ్బే మళ్లీ పడబోతోందన్న భయం. హరివంశంలో వేరే పుండు ఉంది. ద్రుమిలుడనే దానవుడు ఉగ్రసేనుడి రూపంలో వచ్చి తన తల్లిని మోసగిస్తే తాను పుట్టానని కంసుడే చెప్పుకుంటాడు, నారదుడి వల్ల తెలిసిందని. తండ్రిని తండ్రి అనుకోలేని కొడుకు అతను. భాసుడి పేరుతో ఉన్న బాలచరితం అనే సంస్కృత నాటకంలో ఇంకోలా ఉంటుంది, శాపమే రూపం ధరించి అతని ఇంట్లోకి నడిచి వస్తుంది, రాజ్యలక్ష్మి వెళ్లిపోతుంది. మన తెర మీదికి వచ్చేసరికి వేమూరి గగ్గయ్య గారి కంఠం, ఎస్వీ రంగారావు గారి నిండైన విగ్రహం కంసుడయ్యాయి. వాళ్ల గొప్పతనం గురించి నేను చెప్పేదేముంది. కానీ తెర కంసుడు మనకు ఎక్కువగా కొలువులో, కిరీటంతో గుర్తుంటాడు. ఒంటరిగా గదిలో కూర్చుని లేచే కంసుడు పద్యంలోనే మిగిలిపోయాడు. పౌరాణికం మళ్లీ తీసేవాళ్లు ఎవరైనా ఉంటే ఆ నాలుగు పాదాలూ మాటల్లేకుండా తీయమని అడుగుతాను.

పిల్లలకు ఈ పద్యం చెప్పబోతున్న ఒక టీచరుగారు ప్రతిపదార్థంలో ఏం రాయాలని అడిగారు. టీచరుగారూ, ‘అలుక = కోపము’ అని రాసి వదిలేయకండి. ‘ఆరని యలుకన్ = చల్లారని, లోపల రగులుతూనే ఉన్న కోపంతో’ అని రాయండి. ‘కూర్చుండి లేచుచు’ దగ్గర ‘కూర్చున్న వెంటనే లేస్తూ’ అని రాయండి. రెండో పాదం చదివించేటప్పుడు ‘లేచుచు + అనవరతంబున్’ అని విడదీసి చెప్పి, ఆ తరవాత కలిపి గబగబా చదివించండి. ఆగకుండా చదివితేనే ఆ నడక వినబడుతుంది.