సమస్య: తొంబదేండ్ల బామ్మ తొలుతఁ గనెను

నిర్వాహకుడు: బైబిల్లో మొదటి పుస్తకం ఆదికాండం తిరగేస్తుంటే, అబ్రాహాము భార్య శారమ్మ ముసలితనంలో ఇస్సాకును కన్న కథ దగ్గర తట్టింది. కానివ్వండి.

సీసాల సూరన్న:
నవ్వెఁ జాటునుండి నమ్మని శారమ్మ
నవ్వె పేరుగాఁగ నందనునకు
దైవమన్న మాట దారి తప్పదు గదా
తొంబదేండ్ల బామ్మ తొలుతఁ గనెను

తెనాలి తాతయ్య: మూడో పాదం హాయిగా ఉంది. దారి తప్పింది రెండోది. శారమ్మ నవ్వింది 18వ అధ్యాయంలో. ఇస్సాకు అన్న పేరు 17:19లోనే ఖాయమైంది. దానికి రెండు వచనాల ముందు సాగిలపడి నవ్వినవాడు అబ్రాహాము. పైగా హీబ్రూలో ఆ పేరు యిత్స్‌హాక్, అంటే ‘అతడు నవ్వును’. ఆవిడ నవ్వే పేరైతే ‘ఆమె నవ్వును’ అనే తిత్స్‌హాక్ కావద్దూ?

సూరన్న: 21:6లో బిడ్డనెత్తుకుని, దేవుడు నన్ను నవ్వించాడు, విన్నవాళ్లూ నవ్వుతారు అన్నది ఎవరండీ? ఆ పేరును తన నవ్వుకు ముడివేసుకున్నది ఆవిడే. పోయినసారి, అన్న మడమ పట్టుకుని పుట్టిన యాకోబు పూరణలో గణం కోసం మడమను మోకాలిదాకా లాగినవారు నాకు వ్యాకరణం చెప్పడమా!

తాతయ్య: ఆ మోకాలికి ఆనాడు మీరే ‘భేష్’ అన్నారు.

కృష్ణాతీరం:
వంద యేండ్ల మగఁడు వంగి ముందుగ నవ్వె
పడఁతి నవ్వె వెనుక, పలుకు నిలిచె
ఇంట నవ్వుఁ బంచ నిస్సాకు వచ్చెరా
తొంబదేండ్ల బామ్మ తొలుతఁ గనెను

తాతయ్య: ‘పడఁతి నవ్వె వెనుక’! వరస ఒక్క ముక్కలో తేల్చేసింది అమ్మాయి. చూశారా సూరన్నగారూ?

సూరన్న: చూశాను. నవ్వేనాటికి ఆయనకు 99. గణానికి ఒక ఏడు అరువిచ్చినట్టున్నారు.

కృష్ణాతీరం: కాన్పునాటి వయసు చెప్పానండీ. సమస్యలో తొంబదీ అలా వచ్చిందే.

పాతబస్తీ: మా వైపు ఇస్‌హాక్ అంటారు. ఒక్క పాదమే కుదిరింది:
అరబు వారి నోట నిస్‌హాకు నామమ్ము

తాతయ్య: అకారానికి ఇకారం యతి చెల్లదు బాబూ. ‘ఎల్ల యరబు నోట’ అను, సరిపోతుంది.

నిర్వాహకుడు: పాతబస్తీగారూ, హీబ్రూలోనూ మీ పలుకుబడికి దగ్గరి రూపం ఉంది. బైబిల్లోనే ఆమోసు గ్రంథం 7:9లో, 105వ కీర్తనలో ‘యిస్‌హాక్’ అనే రాశారు. ఆర్మేనియావాళ్లు సహాక్ చేశారు, యిడ్డిష్‌లో ముద్దుగా ఇట్జిక్. గ్రీకు నోట పడి ఐజాక్ దాకా వెళ్లింది. మిగతా మూడు పాదాలూ అల్లండి.

సూరన్న: సరే, అసలు సమస్యలోనే తిరకాసుంది. తొలి కాన్పు ఆవిడ బామ్మ ఎలా అయింది? మనుమలేరీ? 14 ఏళ్ల ఇష్మాయేలున్నాడంటే వాడు దాసి హాగరు వల్ల అబ్రాహాముకు పుట్టిన కొడుకు, వాడికీ అప్పటికి పెళ్లి కాలేదు.

నిర్వాహకుడు: ‘యవ్వ’ అని మార్చుకోండి. గణం చెడదు.