కన్యాశుల్కాన్ని గంటన్నరకు కుదించాలి, ఏ సీన్లు ఉంచాలి?

మా డిగ్రీ పిల్లలతో కాలేజీ వార్షికోత్సవానికి గురజాడ నాటకం కన్యాశుల్కం వేయిద్దామనుకుంటున్నాను. 1909 నాటి రెండో కూర్పు మొత్తం ఆడితే తెల్లారిపోతుంది, మాకిచ్చింది గంటన్నర. అందరూ గిరీశం సీన్లే కావాలంటున్నారు. నవ్వులు గ్యారంటీ, నిజమే. కానీ డబ్బు కోసం చిన్నపిల్ల సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లకి కట్టబెట్టాలనుకోవడం, ఆమె అక్క బుచ్చమ్మ వైధవ్యం వెనక్కిపోతే ఇక ఆ నాటకం ఎందుకు? బాల్యవివాహాలు ఇప్పటికీ పూర్తిగా ఆగలేదు, పిల్లలకు అది తగలాలి. వేశ్య మధురవాణి పాత్రను మాత్రం తగ్గించను. సుబ్బి పెళ్లి తప్పించడానికి ఆమె మేనమామ కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి లుబ్ధావధాన్లతో పెళ్లి చేసే కథ తీసేస్తే మిగతాది అతుకుతుందా? విజయనగరం యాస మా నిజామాబాద్ పిల్లలకు నోరు తిరగడం లేదు. అలాగే సాధన చేయించాలా, మాటలు తేలిక చేయాలా? ఈ నాటకం ఆడినవాళ్లు, ఆడించినవాళ్లు దయచేసి చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.