గ్రానైట్ యూనిట్‌లో దుస్తుల నియమం: ఖర్చు ఎవరు భరించాలి?

ప్రశ్న (చీమకుర్తి): నేను ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో లెక్కలు చూస్తున్నాను. షెడ్డులోకి వెళ్లే ఆడవాళ్లు చున్నీ గానీ కొంగు గానీ వదులుగా ఉంచకూడదని, యూనిఫాం, బూట్లు సొంత ఖర్చుతో కొనుక్కోవాలని యాజమాన్యం ఆదేశించింది. ఇది న్యాయమేనా?

జవాబు (ఒంగోలు): తిరిగే బెల్టులో కొంగు చిక్కుకుంటే మనిషినే లాగేస్తుంది కనుక నియమం అవసరమేనండీ. ఖర్చు మీమీద వేయడమే తప్పు. నడుస్తున్న యంత్రాన్ని పరీక్షించే కార్మికుడికి బిగుతైన దుస్తులను యాజమాన్యమే సమకూర్చాలని 2025 వరకు అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 22వ సెక్షన్‌లోనే రాశారు.

జవాబు (కావలి): మగవాళ్ల లుంగీ, మెడలోని తువ్వాలు కూడా అంతే ప్రమాదకరం, ఆడవాళ్లనే కట్టడి చేస్తే అది భద్రత కోసమని నమ్మలేం. దుస్తుల సాకుతో ఎవరైనా అసభ్యంగా మాట్లాడితే సహించకండమ్మా. 10 మంది, అంతకు మించి పనిచేసే చోట పనిచోట మహిళలపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం ప్రకారం, ఫిర్యాదులు విచారించే అంతర్గత కమిటీ ఉండాలి. ఘటన జరిగిన 3 నెలల్లోపు ఆ కమిటీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి.

ప్రశ్న అడిగినవారు: కృతజ్ఞతలండీ. నియమం అందరికీ వర్తించాలని, ఖర్చు యాజమాన్యమే భరించాలని కలిసి అర్జీ ఇస్తాం.