ఎల్1 పనులన్నీ ఆటోమేషన్‌కు అప్పగిస్తే రేపటి ఎల్2లు ఎక్కడినుంచి వస్తారు?

ప్రశ్న (బెంగళూరు)

నమస్కారం. నేను ఇక్కడ ఒక సంస్థ భద్రతా పర్యవేక్షణ కేంద్రంలో, అంటే ఎస్‌ఓసీలో, షిఫ్ట్ లీడ్‌గా పనిచేస్తున్నాను. మా బృందంలో సగానికి పైగా ఎల్1 అనలిస్టులే, అంటే వచ్చిన అలర్ట్‌లను మొట్టమొదట చూసేవారే. వారిలో చాలామంది గుంటూరు, అనంతపురం వైపు కళాశాలల్లో చదువు ముగించుకుని నేరుగా ఈ ఉద్యోగంలో చేరినవారు. ఫిషింగ్ మెయిళ్ళ పరిశీలన, అనుమానాస్పద ఐపీలను (నెట్‌వర్క్ చిరునామాలను) అడ్డుకోవడం, ఒకే కారణంతో పదేపదే వచ్చే అలర్ట్‌లను మూసివేయడం వంటి పనులను ఇకపై సోర్ ప్లేబుక్‌లే, అంటే ఏ అలర్ట్‌కు ఏ చర్య తీసుకోవాలో ముందే రాసిపెట్టిన ఆటోమేషన్ క్రమాలే, చేయాలని యాజమాన్యం నిర్ణయించింది. రాత్రి షిఫ్టుల్లో ఒకే రకం అలర్ట్‌లు చూసి చూసి విసిగిపోయినవాళ్ళం కనుక మేమెవరమూ దీన్ని వ్యతిరేకించడం లేదు. నా సందేహం వేరు. ఎల్1లు పైకి పంపినవాటిని లోతుగా పరిశీలించే మా ఎల్2లందరూ ఆ చిన్న అలర్ట్‌లను తిరగేస్తూనే ఏది మామూలు, ఏది తేడా అని పసిగట్టే చూపును సంపాదించుకున్నారు. ఆ మెట్టే లేకుండా పోతే కొత్తవారు పైకి ఎలా వస్తారు? ఈ మార్పును ఇప్పటికే చూసినవారు చెప్పగలరా?

జవాబు 1 (చెన్నై)

మీ ప్రశ్న న్యాయమైనదేనండీ. అయితే దానికంటే ముందు తేల్చుకోవలసింది ఒకటుంది: ఏ పనిని యంత్రానికి వదలాలి, ఏ పనికి మనిషి ఆమోదం తప్పనిసరి?

2013 చివర్లో అమెరికాలోని టార్గెట్ అనే రిటైల్ దుకాణాల సంస్థ నుంచి సుమారు 4 కోట్ల కార్డుల వివరాలు చోరీ అయ్యాయి. అప్పట్లో పత్రికల్లో వచ్చిన కథనాల ప్రకారం, మాల్‌వేర్‌ను పసిగట్టే ఫైర్‌ఐ సాధనం ఇచ్చిన హెచ్చరికలను గమనించి మినియాపొలిస్‌లోని టార్గెట్ భద్రతా కేంద్రానికి తెలియజేసింది మీ బెంగళూరులో ఉన్న పర్యవేక్షణ బృందమే. అక్కడివారు మాత్రం సకాలంలో కదలలేదు. మాల్‌వేర్‌ను తనంతట తానే తొలగించే సదుపాయం ఆ సాధనంలో ఉన్నా, దాన్ని ఆపి ఉంచారని కూడా రాశారు. ఆటోమేషన్ కావాలనేవారు ఈ ఉదంతాన్ని చూపిస్తారు, అది సబబే.

రెండో వైపు 2024 జులై 19 ఉంది. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ సంస్థ పంపిన లోపభూయిష్టమైన ఒక అప్‌డేట్ ఎవరి అనుమతీ అడగకుండా నేరుగా యంత్రాల్లోకి చేరి, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ యంత్రాలను పడగొట్టింది. అది దాడి కాదు. అయినా కోలుకోవడానికి చాలా చోట్ల సిబ్బంది ఒక్కొక్క యంత్రం దగ్గర కూర్చుని, దాన్ని సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ అప్‌డేట్ ఫైలును చేత్తో తొలగించవలసి వచ్చింది.

కాబట్టి నేను పెట్టుకునే కొలత ఒక్కటే: చేసిన చర్యను నిమిషాల్లో వెనక్కి తీసుకోగలమా? ఒక మెయిల్‌ను క్వారంటైన్‌లో పెట్టడం అలాంటిది కనుక ప్లేబుక్‌కు వదిలేయవచ్చు. సంస్థలో అందరి లాగిన్‌లనూ నడిపించే డొమైన్ కంట్రోలర్‌ను నెట్‌వర్క్ నుంచి విడదీయడం అలాంటిది కాదు, దానికి పేరున్న ఒక మనిషి ఆమోదం ఉండాలి. ఇక మీ ఎల్1ల విషయానికి వస్తే, ఆ ప్లేబుక్‌లను వారిచేతే రాయించండి. ప్రతి అడుగు ఎందుకు అవసరమో తెలియకుండా ఎవరూ దాన్ని రాయలేరు.

జవాబు 2 (బెంగళూరు)

పై జవాబుతో చాలావరకు ఏకీభవిస్తాను కానీ, మీ ప్రశ్నలోని నమ్మకంతో మాత్రం కాదు. పెద్దమేస్త్రి కావాలంటే ముందు ఇటుకలు మోయాలన్నట్టుగా ఎల్1 పనిని సమర్థించడం మన రంగంలో అలవాటైపోయింది. వాస్తవానికి, గంటకు ఎన్ని టికెట్లు మూశారన్న లెక్కతో కొలిచేచోట కొత్తవారు నేర్చుకునేది త్వరగా మూయడమే కానీ, పరిశీలించడం కాదు.

నాకున్న భయం మరొకటి. ఒక ఐపీ ప్రమాదకరమైనదో కాదో ప్లేబుక్ అడిగే బయటి సమాచార సేవకు వెళ్ళే టోకెన్ (డిజిటల్ అనుమతి) గడువు తీరితే అక్కడినుంచి ఖాళీ సమాధానం రావచ్చు. ప్లేబుక్‌ను శ్రద్ధగా రాయకపోతే ఆ ఖాళీని 'ప్రమాదం లేదు' అని చదువుకుని అలర్ట్‌ను మూసేస్తుంది. తెరమీద అంతా పచ్చగానే కనిపిస్తుంది. సాధనం కొన్న ఏడాదే మనుషులను తగ్గించే యాజమాన్యాలు, బయటి సేవలతో కలిపే ఈ కనెక్టర్లను ఎవరు కనిపెట్టుకుని ఉంటారన్నది లెక్కలోకి తీసుకోవు. యంత్రం మూసిన అలర్ట్‌లలో కొన్నింటిని రోజూ యాదృచ్ఛికంగా తీసి, అది ఇచ్చిన తీర్పును చూపించకుండా కొత్తవారికి ఇవ్వండి. వారికి శిక్షణ అవుతుంది, ప్లేబుక్‌కు పరీక్షా అవుతుంది.

జవాబు 3 (చెన్నై)

ఇంకొక్క విషయం. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీచేసిన ఆదేశాల ప్రకారం, భద్రతా ఘటన మన దృష్టికి వచ్చిన 6 గంటల్లోగా నివేదించాలి, లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి. ప్లేబుక్ తనంతట తాను మూసిన అలర్ట్ నిజమైన చొరబాటేనని వారం తరువాత తేలితే, అది 'దృష్టికి వచ్చింది' ఎప్పుడు? యంత్రం చూసినప్పుడా, మనిషి చూసినప్పుడా? ఈ మాట మీ న్యాయ విభాగంతో ముందే రాతపూర్వకంగా తేల్చుకోండి. ప్లేబుక్ తీసుకున్న ప్రతి నిర్ణయానికీ కారణాన్ని కూడా లాగ్‌లో చేర్చండి.

ప్రశ్న అడిగినవారి స్పందన

అందరికీ ధన్యవాదాలు. మూసిన అలర్ట్‌లను తీర్పు దాచి తిరిగి పరిశీలింపజేసే పద్ధతిని వచ్చే నెల నుంచి మొదలుపెట్టాలని ప్రతిపాదిస్తాను. అయితే రెండో జవాబిచ్చినవారు అన్నట్టు మా దగ్గర కూడా పనితీరును కొలిచేది టికెట్ల సంఖ్యతోనే. ఈ పరిశీలనకు వెచ్చించే సమయాన్ని మీరు అప్రైజల్‌లో ఏ పద్దు కింద చూపిస్తున్నారు?